రెండు వరసల పళ్లు

ఆ ఫొటో నా ఫోనుకు వచ్చినప్పుడు నేను అంగడిలో గాజుతొట్టెలు తుడుస్తున్నాను. పంపినాయన ఆవని దగ్గరి పల్లెలో పట్టుపురుగులు పెంచే రైతు. నాలుగేళ్ల కిందట మా అంగడిలో రెండు చేపపిల్లలు కొన్నాడు. ఫొటోలో ఒక వల, అందులో ఇరుక్కున్న పెద్ద చేప తల. వెంటనే ఆయనే ఫోన్ చేశాడు.

“అక్కా, ఇది మా ఊరి కెరెలో వలకు పడింది. వల చించుకొని మళ్లా నీళ్లలోకి పొయినాది. మొసలి పిల్ల అంటాండారు. మన చేపే కదా?”

“చెరువులోకి ఎట్లా పోయిందప్పా?” అన్నాను.

ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. “తొట్టెలో పట్టలేదక్కా. చంపేదానికి మనసు రాలేదు. కెరె నిండింది కదా, బతుకుతాదిలే అని వదిలినాను.”

ఫోన్ పెట్టేసి ఫొటోను పెద్దది చేసి చూశాను. నేను ఆయనకు అమ్మింది చుక్కల గార్ అని. అమెరికా చేప, మూతి పొడుగు, ఒళ్లంతా చుక్కలు, రెండడుగులకు మించి పెద్దగా పెరగదు. ఫొటోలోని మూతి అట్లా లేదు. వెడల్పుగా, మొద్దుగా, మొసలి మూతిలా ఉంది. గార్ జాతిలోనే అన్నిటికంటే పెద్దది ఒకటుంది, ఎలిగేటర్ గార్ అంటారు. అది మనిషికంటే పొడుగు పెరుగుతుంది. చెరువులో పడితే మిగతా చేపల్ని బతకనివ్వదు.

చిన్నప్పుడు ఈ రెండూ అగ్గిపుల్లల్లా ఒకేలా ఉంటాయి. ఎలిగేటర్ పిల్లకు మాత్రం మూతి కొస నుంచి వీపు మీదుగా తెల్లటి గీత ఒకటి ఉంటుంది. ఆ సంగతి నేను ఆ రోజు, ఫొటో వచ్చాక చదివి తెలుసుకున్నాను. చదువుతుంటే నాకు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట పెట్టెలో ఆరు పిల్లలు వచ్చినప్పుడు, కొన్నిటి వీపు మీద ఆ గీత చూశాను. ముగ్గుపిండితో గీసినట్టు భలే ఉందే అనుకున్నాను కూడా. సరుకు పంపినవాడు చుక్కల గార్ అన్నాడు, నేనూ అదే చెప్పి అమ్మాను.

ఈ అంగడి మా నాన్న పెట్టింది. ఆయన కోలారు బంగారు గనుల దగ్గర, కోరమండల్‌లో గని కార్మికుడు. గనులు మూతపడ్డాక మా ఇంటి ముందు గదిలో రెండు తొట్టెలతో మొదలుపెట్టాడు. ఆయన ఉన్నప్పుడు పేరు తెలియని చేప తొట్టెలోకి దిగేది కాదు. అద్దానికి ముక్కు ఆనించి చూసేవాడు, ఎవరినైనా అడిగేవాడు, ఆ తర్వాతే అమ్మకానికి పెట్టేవాడు. ఆయన పోయాక నేను ఆ ఓపిక వదిలేశాను. అంగడి మూసి స్కూటర్ తీశాను. అది ఏ చేపో నా చేత్తో పట్టి తేల్చుకోవాలి, చెరువులోంచి బయటికి తీయాలి. అంతవరకు ఇంకో పని పెట్టుకోకూడదనుకున్నాను.

చెరువు కట్ట మీద పదిమంది దాకా ఉన్నారు. కట్ట వాలులో జానెడు జానెడు చేపలు ఏడెనిమిది చచ్చి పడున్నాయి. సన్నటి ఒళ్లు, సూదిలాంటి మూతి. ఆ చెరువులో చేపలు పెంచి పట్టుకునే పెద్దాయన వాటి పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి.

“ఇవెందుకు చచ్చినాయప్పా?” అని అడిగాను.

“ఊరోళ్లు కొట్టినారమ్మా. మూతి పొడుగ్గా ఉండేదంతా మొసలి చేపేనంట. ఈ సూదిమూతి చేప నా చిన్నప్పట్నుంచీ ఈ కెరెలో ఉండాది. చెప్తే ఎవురు ఇంటారు?”

ఇంగ్లీషులో ఈ నాటు చేపను కూడా గార్ అనే అంటారు. ఫోన్లో ఎవరో ఆ మాట చూసి రెండూ ఒకటే అనేశారు. నేను ఒక చేపను అరచేతిలో పెట్టుకుని అందరినీ దగ్గరికి పిలిచాను.

“చూడండి. ఇది పెన్సిలంత లావు. గోరుతో గీకితే పొలుసు రాలిపోతాది. తోక చివర కత్తిరించినట్టు తిన్నగా ఉండాది. మీరు చూసినదాని తోక విసనకర్ర మాదిరి గుండ్రంగా లేదా?”

“గుండ్రంగానే ఉండె,” అన్నాడు ఒకాయన.

“దాని పొలుసు పెంకు మాదిరి గట్టిగా ఉంటాది. కత్తి దిగదు. ఇది మన చేప. నీళ్ల పైపైన తిరుగుతా చిన్న చిన్న చేపల్ని, పురుగుల్ని తింటాది. ఇంగ దీన్ని కొట్టొద్దండి.”

వాళ్లు ఒప్పుకున్నట్టే తలలాడించారు. పెద్దాయన మాత్రం నన్నే చూస్తున్నాడు.

“ఇంత తెలుసు కదమ్మా నీకు. అది యాడనుంచి వచ్చిందో కూడా తెలుసా?”

పట్టుపురుగుల రైతు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన తల దించుకున్నాడు. ఆయన మీదికి నెట్టేయడం నాకు క్షణం పని.

“నేనమ్మినాను,” అన్నాను.

“తెలిసే అమ్మినావా?”

“లేదప్పా. వేరే చేప అనుకొని, సరిగ్గా చూసుకోకుండా అమ్మినాను.”

“మా కెరెకు రెండూ ఒకటే,” అన్నాడు పెద్దాయన.

రేపు పొద్దున్నే వస్తాను, అది దొరికేదాకా రోజూ వస్తాను అని చెప్పాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు.

మరుసటి రోజు తెల్లవారగానే నేను కట్ట మీద ఉన్నాను. పెద్దాయన లావు దారం వల తెచ్చాడు. గార్ అప్పుడప్పుడు నీటి పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అది ఎక్కడ తేలుతుందో చూడటం నా పని. ఆ రోజంతా చూసినా కనిపించలేదు. రెండో రోజు తూము దగ్గర ఒకసారి తేలింది, వల వేసేలోగా మునిగిపోయింది. నా కళ్లు మండిపోయాయి. రైతు తన ఇంటి నుంచి రాగిసంకటి తెచ్చి ముగ్గురికీ పెట్టాడు. పెద్దాయన ఆయనతో మాట్లాడలేదు కానీ సంకటి తిన్నాడు.

మూడో రోజు ఎండ ఎక్కకముందే మళ్లీ తూము దగ్గరే తేలింది. ఈసారి వల ముందే పరిచి ఉంది. ముగ్గురం కలిసి లాగాం. గట్టు మీదికి వచ్చాక చూస్తే, నిలబెడితే నా నడుము దాకా వచ్చేంత పొడుగుంది. తోకతో కొడుతుంటే మట్టి ఎగిరి మా ముఖాలకు తగిలింది. పెద్దాయన దాని వీపు మీద మోకాలు ఆనించాడు. నేను పుల్లతో నోరు తెరిచాను. పై దవడలో బయటి వైపు ఒక వరస పళ్లు, లోపల ఇంకో వరస. చుక్కల గార్‌కు లోపలి వరసలో ఇంత పెద్ద పళ్లు ఉండవు. ఇంక అనుమానం లేదు, అది ఎలిగేటర్ గారే.

“తేలిందా?” అన్నాడు పెద్దాయన.

“తేలింది.”

ఆయన దుడ్డుకర్ర ఎత్తాడు. నేను ముఖం తిప్పుకోలేదు. దాన్ని వేలెడు పిల్లగా ఉన్నప్పుడు రెండు వారాలు నా చేత్తో మేపాను. అది చేసిన తప్పేమీ లేదు. మూడు దెబ్బలకు కదలడం ఆగింది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఇంకా ఒక పని మిగిలి ఉంది.

“కూర వండుకుంటే వండుకోండి కానీ, లోపల గుడ్లుంటే తినొద్దు. దీని గుడ్లు విషం. కోళ్లకు, కుక్కలకు కూడా వేయొద్దు,” అన్నాను. కత్తి దిగకపోతే గొడ్డలితో పొలుసు చీల్చి కడుపు తెరిచాం. గుడ్లు లేవు. అయినా ఎవరూ దాన్ని వండుకోలేదు, గొయ్యి తీసి పూడ్చారు.

“నువ్వు రెండు కొన్నావు,” అన్నాను రైతుతో. “రెండోది?”

“అది తొట్టెలోనే పోయిందక్కా. ఇది దాన్ని కొరికేసింది. మా మల్బరీ తోటలో పూడ్చినాను, దేవుడి మీద ఒట్టు.”

ఒట్టు నాకు చాలలేదు. వేసవిలో చెరువు బాగా తగ్గేదాకా ఆగి మళ్లీ వెళ్లాను. మిగిలిన మడుగును ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్దాయన, నేను వలతో జల్లించాం. ఇంకో గార్ దొరకలేదు. అప్పుడు ఆయన మొదటిసారి, “ఇంగ నువ్వు నిద్రపోవచ్చులేమ్మా,” అన్నాడు.

కానీ ఆ పెట్టెలో వచ్చినవి ఆరు. రెండు ఈయన కొన్నవి. రెండు నా అంగడిలోనే చచ్చిపోయాయి. ఒకటి కోలారులో ఒకాయన తీసుకెళ్తే వారం బతకలేదు, అప్పుడే వచ్చి నాతో గొడవపడ్డాడు కాబట్టి బాగా గుర్తుంది. మిగిలిన ఒక్కటి మాస్తి నుంచి వచ్చిన ఒకామె కొన్నది. ఆవులున్నామె అన్నది తప్ప ఇంకేమీ తెలియదు. మాస్తికి వెళ్లి పాల డెయిరీ దగ్గర నిలబడి, పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. రెండో రోజు పొద్దున ఆమె దొరికింది.

కొట్టం పక్కన సిమెంటు తొట్టెలో ఉంది చేప. రెండడుగులు ఉంటుంది. నేను జరిగిందంతా చెప్పేసరికి ఆమె తొట్టెకు అడ్డంగా నిలబడింది.

“నా చేపను ఎవురూ చంపేదానికి లేదు. నాలుగేండ్లుగా సాకినాను.”

“ముందు చూడనీ అమ్మా. ఏ చేపో తేలనీ,” అన్నాను.

ఇద్దరం తడిగుడ్డలో దాన్ని పైకెత్తాం. మూతి సన్నగా ఉంది. నెత్తి మీద కూడా చుక్కలున్నాయి. నోట్లో లోపలి వరస పెద్ద పళ్లు లేవు. ఇంకొకటి చూడాలి. ఫ్లోరిడా గార్ అని ఇంకో చేప అచ్చం ఇలాగే ఉంటుంది. దాని గొంతు కింద మెత్తగా ఉంటుందని చదివాను. నేను వేలు పెట్టి రాస్తే గరుకుగా చిన్న చిన్న పెంకులు తగిలాయి. ఒకే పెట్టెలో రెండు రకాల పిల్లలు కలిసిపోయి వచ్చాయన్నమాట. ఇది చుక్కల గారే.

“ఇది పెద్దగా పెరగదమ్మా. నీ దగ్గరే ఉంచుకో. కానీ చెరువులోకి, బావిలోకి మాత్రం ఎప్పుడూ వదలొద్దు. నీకు సాకలేమనిపిస్తే నన్ను పిలువు, నేనొచ్చి తీసుకుపోతాను.”

ఆమె చేపను నెమ్మదిగా నీళ్లలోకి వదిలింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఇంట్లోకి వెళ్లి, పొయ్యిలోని బొగ్గుముక్క ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది.

“సున్నం కొట్టిన గోడ మీద రాయి. దాని పేరు, నీ నంబరు. నేను లేకున్నా ఇంట్లో ఎవురో ఒకరు చూస్తారు.”

పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. ఆమె ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చదువుకుంది. తర్వాత తన ఫోన్ తీసి ఆ నంబరుకు కొట్టింది. నా సంచిలో ఫోన్ మోగాక, “సరిగ్గానే ఉండాది,” అంది.