అచ్చులో ఆనపకాయ

"బావా, కాయ ముదిరిపోయినట్టుంది. బోల్టులు ఇప్పీమంటావా?"

"నానొచ్చి ఇప్పుతాను. నువ్వు సెయ్యెట్టకు."

మా ఇద్దరి మధ్యా జరిగిన ఆఖరి మాటలు ఇవే. అతను సైకిలు బయటికి దించాడు, తలుపు దగ్గరికి లాగాడు, బయట గొళ్లెం పెట్టాడు. గొళ్లెం చప్పుడు కూడా ఒక మాటే అనుకుంటే, ఆఖరి మాట అదే.

రాస్తున్నది మా తమ్ముడి కూతురు. చెబుతున్నది నేను. నాకు అక్షరాలు ఓ పాతిక వచ్చు, అవి కూడా ఈ పిల్ల పలకమీద దిద్దుతుంటే పక్కన కూర్చుని పట్టుకున్నవి. వాటితో ఇంత సంగతి రాయలేను.

"అత్తా, ఇది కూడా రాయాలా?" అంటోంది.

రాయి. అన్నీ రాయి.

అతను నాకు మేనత్త కొడుకు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనివాడు. పెళ్లయిన నెలకి నన్ను తీసుకెళ్లడానికి మా ఊరు వచ్చాడు. స్టేషన్లో మా అమ్మ నా చెయ్యి వదలడం లేదు. బండి కూత పెట్టింది. అతను నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని, నా వైపు చూసి, "పద" అన్నాడు. మెల్లగా అన్నాడు. ఆ ఒక్క మాట వెనకాల నడిచి నేను పుట్టిల్లు వదిలాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మాకు ఒక క్వార్టరు ఉండేది. ముందు ఒక గది, వెనక ఒక గది, ఆ వెనక చిన్న పెరడు, చుట్టూ నా తలకంటే ఎత్తు గోడ. పొద్దున ఆరేసిన బట్టలు మధ్యాహ్నానికి ఇంజన్ల మసితో చుక్కలు పడేవి. గోడకి అవతల ఒక బెంగాలీ ఆవిడ ఉండేది. నేను దీదీ అనేదాన్ని, ఆవిడ నన్ను బౌదీ అనేది, అంటే వదిన. నాకు బంగ్లా రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా రోజూ పోట్లాడుకునేంత మాట్లాడుకున్నాం.

వచ్చిన రెండో నెలలో దీదీ నన్ను గోల్‌బజార్‌కి తీసుకెళ్లింది, చేపలు చూపిస్తానని. అంత మందిని నేను మా ఊరి జాతరలో కూడా చూడలేదు. చేపలు చూశాం, బట్టల కొట్లు చూశాం, రిక్షావాళ్ల తిట్లు విన్నాం. ఇంతలో వర్క్‌షాపు సైరను మోగింది. మేం ఇంటికి చేరేసరికి అతను వీధి వీధీ సైకిలు మీద వెతికి, అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి దిగ్గున లేచాడు.

"బాస రాదు, దారి తెల్దు. తప్పిపోతే మీయమ్మకి నానేటి సెప్పాలి?"

కొట్టలేదు. కొట్టినా బాగుండేది. కొట్టిన మనిషి మర్నాటికి మెత్తబడతాడు. భయపడినవాడు మెత్తబడడు. మర్నాటి నుంచి పనికి వెళుతూ బయట గొళ్లెం పెట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఉన్నప్పుడు నేను వీధి గుమ్మంలో నిలబడితే "పద" అనేవాడు. కిటికీ దగ్గర ఆగితే "పద." ఎక్కడికి అని అడగక్కర్లేదు. లోపలికి. స్టేషన్లో విన్న మాటే, కానీ గట్టిగా, పొట్టిగా, గొడ్డుని కొట్టంలోకి తోలినట్టు.

ఒకనాడు నేను అన్నం తినకుండా కూర్చున్నాను.

"నీకిక్కడ ఏటి తక్కువ?"

"సూడ్డానికి ఏటీ నేదు బావా. గోడ తప్ప ఏటీ నేదు."

ఆ ఆదివారం అతను ఆనపగింజలు తెచ్చాడు. కూరకి పనికొచ్చే రకం కాదు, చేదు రకం, పెంకు మందంగా పట్టేది. పెరట్లో పాదు చేసి, గోడమీదికి తాళ్లు కట్టి, "ఇంద, సూడు" అన్నాడు. నాకోసమే చేశాడు. అది నేను కాదనలేను. కాకపోతే నన్ను గోడ దాటించడానికి బదులు ఆనపతీగని గోడ ఎక్కించాడు.

తీగ పాకింది. సాయంత్రం తెల్లపూలు విచ్చుకునేవి. మగపువ్వు కోసి ఆడపువ్వుకి రాయడం దీదీయే గోడమీద నుంచి చేతులు తిప్పి చూపించింది. పిందె బొటనవేలంత అయ్యాక అతను కొయ్యపెట్టె తెచ్చాడు. రెండు చెక్కలు, లోపల తొలిచి, నాలుగు మూలలా బోల్టులు. పిందెను లోపల పెట్టి, తొడిమ కోసం ఒక కన్నం, గాలికి నాలుగు సన్నటి కన్నాలు వదిలి, పానాతో బిగించేశాడు.

"ఊపిరాడకుండా సచ్చిపోతాది" అన్నాను.

"సావదు. పెరుగుతాది. ఎటు కాళీ ఉంటే అటు పెరుగుతాది."

వాళ్లది పాటర్న్ షాపు. ఇనుముతో పోతపోయాల్సిన ప్రతి సామానుకీ ముందు కొయ్యతో అచ్చం అలాంటిదే ఒకటి చేస్తారట. దాన్ని ఇసుకలో నొక్కి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారట. అతని పని ఆ కొయ్యబొమ్మ చెయ్యడం. చేతిపనిలో అతనికి సాటి లేదని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. కాబట్టి ఆనపకాయకి అచ్చు చెయ్యడం అతనికి ఆటలాంటిది.

మొదటికాయ నాలుగు పలకలుగా వచ్చింది. ఎండబెట్టి, మెడ కోసి, లోపల నీళ్లు పోసి నానబెట్టి గింజలు, పీచు గీకి, మళ్లీ ఎండబెడితే డబ్బాలాగా తయారైంది. చింతపండు పోసుకున్నాను. రెండోది చెంబులాగా, కిందన నిలబడేలా వచ్చింది. వీధిలో ఆడవాళ్లు చూడ్డానికి వచ్చారు, అతను ఇంట్లో ఉన్నప్పుడు. దీదీ గోడమీద నుంచి నవ్వేది.

"కీ గో బౌదీ, నీ కైదీ కైసా హై? తోమార్ బొర్ తో జేలర్!"

పెట్టెలో నీ ఖైదీ ఎలా ఉంది, నీ మొగుడు జైలరు, అంటుంది. నేనూ నవ్వేదాన్ని. రోజూ పాదుకి నీళ్లు పోసేటప్పుడు పెట్టె కన్నానికి కన్ను ఆనించి చూసేదాన్ని. కాయ కొయ్యకి ఒత్తుకుని పచ్చగా కనిపించేది. కదలడానికి గోరంత చోటు ఉండేది కాదు. ఇంక నవ్వొచ్చేది కాదు.

అలా పదేళ్లు. పదేళ్లలో నేను మా ఊరు రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ చావులకి. పిల్లలు లేరు. రైల్వేవాళ్లకి పాసులుంటాయి, టిక్కెట్టు కొనకుండా ఊరు వెళ్లి రావచ్చు. "అక్కడేటుంది?" అనేవాడు. మా అమ్మ ఎవరి చేతనో ఉత్తరాలు రాయించేది. కాగితం నాలుగువైపులా నిండి ఉండేది. అతను పెదవులు కదుపుతూ అంతా చదువుకుని, "అందరూ బాగున్నారంట" అని మడిచేసేవాడు.

"అంతేనా?"

"అంతే. మిగిలింది కోళ్ల గొడవ."

ఒకసారి అలా మడిచాక అతని మొహం మారింది. నేను వదల్లేదు. అప్పుడు చెప్పాడు, మా అమ్మకి కాళ్లు నీరు పట్టి మంచంలో ఉందని, నన్ను ఒకసారి చూడాలంటోందని.

"పాసు తియ్యి బావా. నన్నెక్కించీ సాలు, నానెల్లిపోతాను."

"ఒక్కర్తివీనా?"

"నువ్వూ రా."

అతను పాదు వైపు చూశాడు. "ఈ కాయ ఇప్పినాక సూద్దాం" అన్నాడు. అప్పటికింకా పిందె కూడా పడలేదు. ఆ వారం కొత్త అచ్చు మొదలుపెట్టాడు. లోపల ఏం చెక్కుతున్నాడో నన్ను చూడనివ్వలేదు. నేను దగ్గరికొస్తే రెండు చెక్కలూ మూసేసేవాడు, చంటిపిల్లాడిలా. ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు, కానీ అప్పుడు వచ్చింది. మా అమ్మ మంచంలో ఉంటే ఈయన ఆటలేమిటని.

పిందె పడింది. పెట్టెలోకి వెళ్లింది. ఆ కాయ ముదిరేదాకా నేను రోజులు లెక్కపెట్టాను. తీగ ఎండడం మొదలైనప్పుడు నాకు పండగలా ఉంది. ఆ పొద్దున అడిగిన మాట, అతను చెప్పిన మాట పైనే రాయించాను.

మధ్యాహ్నం భోజనాల వేళ సైకిళ్ల స్టాండు దగ్గర గుండె పట్టుకుని కూర్చుండిపోయాడట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోగానే అయిపోయింది. బయట గొళ్లెం తీసింది అతను కాదు, అతన్ని మోసుకొచ్చినవాళ్లు.

మా అత్త ఊరినుంచి వచ్చింది. వెనకగదిలో మూల కూర్చోబెట్టారు. మూడు నెలలు గడప దాటకూడదంది.

"అమ్మని సూసొచ్చీత్తాను అత్తా. ఒక్కపాలి."

"ఆ మొకంతోటా? మంచంలో ఉన్న మనిసికి ఆ మొకం సూపిస్తావా? నోరు మూసుకుని కూకో."

ఆవిడది కూడా కన్నకడుపే. కొడుకు పోయినదాన్ని ఏమనగలను. తలుపుకి ఇప్పుడు గొళ్లెం లేదు, రోజంతా బార్లా తీసి ఉండేది. అయినా నేను లేవలేదు. ఎవరూ "పద" అనలేదు, నేనే లోపల కూర్చున్నాను. పదేళ్లలో అలవాటైపోయిందేమో. రెండో నెలలో టెలిగ్రాం వచ్చింది. మా అమ్మ పోయింది.

పెరట్లో పెట్టె అలాగే వేలాడుతూ ఉండేది. నువ్వు చెయ్యి పెట్టకు అన్నాడు. అన్నవాడు రాడు. అయినా చెయ్యి పెట్టడానికి నాకు భయమే. మూడో నెల దాటాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. మా తమ్ముడికి అప్పటికే అదే వర్క్‌షాపులో ఇనుము పోతపోసే ఫౌండ్రీలో పని దొరికింది, ఈ ఊళ్లోనే ఝపటాపూర్‌లో గది తీసుకున్నాడు, నన్ను వచ్చెయ్యమన్నాడు. బయల్దేరే రోజు పొద్దున అతని సంచి తీశాను. టిఫిను డబ్బా, పానా. పాసు కోసం సంచి తిరగేసి దులిపాను. లేదు.

పానా పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. మూడు బోల్టులు వచ్చాయి, నాలుగోది తుప్పు పట్టి రాలేదు. రాయి పెట్టి కొట్టాను. గోడమీద నుంచి దీదీ చూస్తోంది, ఆ రోజు నవ్వలేదు.

కాయ చెంబులాంటిదే, పొట్ట గుండ్రంగా. ఎండి తేలికైపోయింది, ఊపితే గింజలు గలగల్లాడాయి. పొట్టమీద లోతుగా ఏవో గీతలు. అక్షరాలని తెలుస్తోంది, కానీ ఏ భాషో తెలియలేదు. గోడమీదుగా దీదీకి చూపించాను.

"ఏటా బాంగ్లా నా" అంది, ఇది బంగ్లా కాదని.

ఒరియా మనిషి ఒకామె ఆ వీధిలో పాచిపని చేసేది. ఆవిడ కూడా మాది కాదంది. తెలుగువాళ్లని అడగలేదు. తెలుగైతే అంత తెలియకుండా పోతుందా అనుకున్నాను. నాకు చదువు రాదన్న సిగ్గు ఒకటి. ఏవో నగిషీలు చెక్కాడులే అని సరిపెట్టుకుని, మెడ కోసి, ఉప్పు పోసుకున్నాను. వానాకాలంలో కూడా ఆ ఆనపబుర్రలో ఉప్పు చెమ్మగిల్లదు.

ఏళ్లు గడిచాయి. ఈ పిల్ల పుట్టింది, పలక పట్టింది. నాకు పాతిక అక్షరాలు వచ్చాయి. బుర్ర మాత్రం అలమారులో కళ్లెదురుగానే ఉంది, గీతలు గీతల్లాగే ఉన్నాయి, ఇంట్లో అందరికీ అది ఉప్పుబుర్రే. నేను అద్దం చూడడం మానేసి ఎన్నో ఏళ్లు, చూడకూడదన్నారు కదా. మానకపోతే ఎప్పుడో తెలిసేది.

ఒకరోజు మా తమ్ముడు గడ్డం గీసుకునే అద్దం మేకు నుంచి జారింది. పట్టుకున్నాను. పట్టుకున్న అద్దంలో నా మొహం లేదు, నా వెనక అలమారు ఉంది, అలమారులో బుర్ర ఉంది. దానిమీద రెండు అక్షరాలు తిన్నగా, పలకమీద దిద్దినట్టు.

పద.

అద్దాన్ని అలాగే పట్టుకుని మా తమ్ముణ్ణి పిలిచాను. మా తమ్ముడు సబ్బునురగ మొహంతో వచ్చి చూసి, ముందు నవ్వాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"పాటర్న్ మీద అచ్చరం తిన్నగానే సెక్కుతారక్కా. ఇసకలో తిరగబడతాది, ఇనుములో మళ్లీ తిన్నగొస్తాది. కాయకి మజ్జిన ఇసక నేదు కదా. బావ ఆ సంగతి మర్సిపోనాడు. సెయ్యి అలవాటు."

అంత పనివాడు, నాకు రాసిన ఒక్కమాట తప్పుగా చెక్కాడు.

"అయినా బావ నిన్ను ఊరు తీసుకెల్దారనే అనుకున్నాడక్కా. కాయ ఇప్పి నీకు సూపిద్దారని. ఆపీసులో అడగనా, పాసుకి కాయితం ఎట్టినాడో నేదో?"

వద్దన్నాను. పెట్టాడంటే, ఇన్నేళ్లు అతన్ని తిట్టుకున్న తిట్లన్నీ నాకే తిరిగొస్తాయి. పెట్టలేదంటే, ఆ మాట గుమ్మంలో మాటే అవుతుంది. నాకు తెలిసిన "పద"లు రెండు. ఒకటి స్టేషన్లో అన్నది, ఒకటి గుమ్మంలో అన్నది. కొయ్యలో చెక్కినదానికి గొంతు ఉండదు. ఉప్పు తీసుకోవడానికి రోజుకి రెండుసార్లు ఆ బుర్ర పట్టుకుంటాను, రెండుసార్లూ వేలు ఆ గుంటల్లోకి వెళుతుంది. ఒక్కోనాడు బయల్దేరమన్నట్టుంటుంది. ఒక్కోనాడు లోపలికి పొమ్మన్నట్టుంటుంది. లోపలికి అన్న రోజులే ఎక్కువ.

ఇప్పుడు గొళ్లెం లేదు, అత్త లేదు, మొన్న ఈ పిల్ల గోల్‌బజార్ పోదాం రమ్మంది. వీధి చివరిదాకా వెళ్లి, సైరను వినగానే వెనక్కి వచ్చేశాను. ఇది కూడా రాశావా? రాయి.

అయిపోయింది. ఇప్పుడు మొదటినుంచి నాకు చదివి వినిపించు. మీ మావయ్య మా అమ్మ ఉత్తరం చదివినట్టు చదవకు, కోళ్ల గొడవ ఉంటే కోళ్ల గొడవ కూడా చదువు. ఆ రెండక్షరాల దగ్గరికి వచ్చినప్పుడు కసరకు, ముద్దు చెయ్యకు, ఎలా ఉంటే అలా అను. నేను వింటాను, ఎలా వినిపిస్తుందో. ఊఁ, చదువమ్మీ.