న్యాలువాక్ దీవెన

విమానం రాకపోవడానికి న్యాలువాక్ ఉమ్మే కారణమని ఊరంతా చెప్పుకుంది. విదేశీ సర్కారు తరఫున వచ్చిన ఆఫీసరు నెత్తిన ఆ ముసలిది ఉమ్మిందట, అతనికి తల కొట్టేసినట్టయి పైవాళ్ళకు కబురు పెట్టాడట, జొన్న బస్తాలు వేసుకొస్తున్న విమానం సగం దారిలో వెనక్కి తిరిగిందట. ఈ మాట సోబాట్ ఏటి మీద పడవలెక్కి పక్క ఊళ్ళకూ పోయింది. అక్కడికి చేరేసరికి న్యాలువాక్ అతని రెండు చెంపలూ వాయించింది కూడా.

ఉమ్మిన మాట నిజమే. పెద్దవాళ్ళు నెత్తిన తుంపర్లు పడేలా ఉమ్మితేనే అక్కడ దీవెన. పుట్టిన బిడ్డకూ, చేపల వేటకు వెళ్ళేవాడికీ అదే. న్యాలువాక్ ఉమ్మి చల్లనిదని పేరు. ఆ ఊళ్ళో ఆమె దీవించని తల లేదు.

ఆ ఏడు పంట వరదలో పోయింది. ఆఫీసరు పొడుగు కాళ్ళవాడు, పిల్లలు అతనికి కొంగ అని పేరు పెట్టారు. విమానం పైనుంచి జారవిడిచే బస్తాలు పడే చోటు చదునుగా ఉండాలన్నాడు. ఆడవాళ్ళు రెండు వారాలు మనిషెత్తు గడ్డి కోశారు. అరచేతులు బొబ్బలెక్కాయి. పని ముగిశాక సభ పెట్టారు. కొంగ మాటలను న్యాలువాక్ చెల్లెలి కొడుకు వియువాల్ ఊరివాళ్ళకు వాళ్ళ భాషలోకి తిప్పి చెప్పేవాడు.

"వారం తిరక్కుండా విమానం వస్తుందంటున్నాడు," అన్నాడు వియువాల్.

న్యాలువాక్ లేచింది. "నిజంగా వస్తుందా? నా కళ్ళలోకి చూసి చెప్పమను."

కొంగ చూశాడు. వస్తుందన్నాడు.

ఆమె సంతోషం పట్టలేక అతని తల కిందికి వంచి, నడినెత్తిన ఉమ్మింది. అతని ముఖం ఎర్రబడింది. చేతిగుడ్డ తీసి తుడుచుకున్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

మూడో రోజున కొంగ చిన్న విమానమెక్కి, బస్తాల సంగతి కనుక్కొస్తానని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. జనం గడ్డి కోసిన చోట కూర్చుని మెడలు నొప్పెట్టేదాకా ఆకాశం చూశారు.

"వదినా, నీ ఉమ్మి మరీ చల్లగా తగిలినట్టుంది. విమానం గడ్డకట్టింది!" అన్నాడు మరిది బిదొంగ్. మొదట్లో అది వేళాకోళమే. కలువ గింజలు దంచుకుని తినే రోజులు వచ్చాక ఎవరూ నవ్వలేదు. ఆమె ఏటికి వెళ్తే పక్కవాళ్ళు కుండ సగం నిండగానే ఎత్తుకుని వెళ్ళిపోయేవారు.

అప్పుడే కోడలు రెబెకా మగబిడ్డను కన్నది. న్యాలువాక్ నోరు కడుక్కుని వచ్చి గుడిసె గుమ్మంలో నిలబడింది. రెబెకా బిడ్డను రొమ్ములోకి పొదువుకుని అటు తిరిగింది.

"ఏమనుకోకత్తా. ఇప్పుడొద్దు."

"మరెప్పుడే?"

"విమానం వచ్చాక."

నెల తిరిగింది. ఆఫీసు డేరాలు పీకేశారు. వియువాల్ పడవెక్కే ముందు పెద్దమ్మ దగ్గరికి వచ్చి, గుప్పెడు ఉప్పు పొట్లం పెట్టాడు.

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. ఆ దేశం పెద్దలే సాయం ఆపేశారు. ఉత్తరం నేనే చదివాను."

"నేను ఉమ్మాకా? ముందా?"

అతను పడవ వైపు చూశాడు.

"నిన్నేరా."

"ముందే. పైవాళ్ళు మనసు మార్చుకుంటారేమోనని కొంగ ఆశ. అందాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"వస్తుందన్నది నీ నోరే కదురా."

"అతనన్నది నేనన్నాను."

"సరే, పద. ఆ ముక్క వచ్చి రెబెకాతో అను. ఊరితో అనొద్దులే. దానొక్కదానితో అను."

"ఇంకో ఆఫీసులో పనిస్తామన్నారు పెద్దమ్మా. లోపలి మాట బయటపెట్టానని తెలిస్తే ఇవ్వరు." అని, ప్రయాణం కదా, అలవాటుగా తల వంచాడు.

న్యాలువాక్ ఆ తల వంక చాలాసేపు చూసింది. ఎత్తుకుని పెంచిన తల. ఉమ్మలేదు. అతను తనంతట తనే తలెత్తి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ పూటే కోడలికి అంతా చెప్పింది. రెబెకా మెతకగానే అంది, "చెప్పేవాడు పడవెక్కాక చెబుతున్నావేం అత్తా?" బిడ్డను మాత్రం ఇవ్వలేదు.

సాయం ఆపమన్న ఉత్తరం సభకు పద్దెనిమిది రోజుల ముందే వచ్చింది. అది వచ్చిన నాలుగో రోజున కొంగ ఆడవాళ్ళను పిలిచి, గడ్డి కోయమని కొడవళ్ళు పంచాడు.