ఎర్తు గొయ్యికి బిందెడు నీళ్లు

ఎండలు ముదిరాయంటే చాలు, మా పక్కింటి డోర్కాస్ వదిన రోజూ పొద్దున్నే చిన్న బిందెతో నీళ్లు తెచ్చి వాకిట్లో గోడవారనున్న గొయ్యిలో పోస్తుంది. దాని ఇనుప మూత తీసి, లోపలి గొట్టంలోకి బిందె వంచి, ఆఖరి చుక్క దాకా కదలదు. "క్రైస్తవుల ఇంట్లో తులసికోట వెలిసిందే!" అని ఈ హిందీ రాష్ట్రంలో, స్టీలు ప్లాంటు పక్కనున్న కోహ్కాలో మా వీధి తెలుగు ఆడవాళ్లం ఆటపట్టించేవాళ్లం. నవ్వేసి ఊరుకునేది.

ఆ గొయ్యి తవ్వింది ఆవిడ భర్త కొర్నేలి. స్టీలు ప్లాంటులో కరెంటు పనే చేసి రిటైరయ్యాడు. సెక్టర్ 4లో కంపెనీ క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ బల్బు మాడినా మాకు కంపెనీయే దిక్కు. అందుకే సొంత ఇళ్లు కట్టుకున్నప్పుడు గేటు రంగు గురించి నెలరోజులు కొట్టుకున్నాం గానీ, ఎర్తు అనేదొకటి మనమే వేయించుకోవాలని ఒక్కరికీ తట్టలేదు. మా ఆయన గణపతిరావైతే ప్లగ్గుకి మూడు కాళ్లుంటే ఎర్తు ఉన్నట్టే అనుకునే మహానుభావుడు. కొర్నేలి మాత్రం మనిషిని మించిన రాడ్డు తెచ్చి, బొగ్గూ ఉప్పూ వేసి పాతాడు. నేల ఎండిపోతే రాడ్డు ఉండీ లేనట్టేనని, వేసవిలో తడి ఆరనివ్వొద్దని భార్యకు అప్పగింతలు పెట్టాడు.

రెండేళ్ల కిందట ఆయన గుండెపోటుతో పోయాడు. వదిన నీళ్లు పొయ్యడం మానలేదు. మేం మాత్రం ఆటపట్టించడం మానేశాం. పాపం, మొగుణ్ణి తలుచుకుంటోందని తెగ జాలిపడ్డాం. జాలిపడటానికి ఖర్చేముంది, నోరుంటే చాలు.

మొన్న మే నెలలో వాళ్లబ్బాయి డేవిడ్‌రాజ్ వాకిలంతా టైల్స్ వేయించబోయాడు. కూలర్లో నీళ్లు నింపేటప్పుడు తల్లి బురదలో జారుతోందని వాడి బాధ. మంచి పిల్లాడే. మేస్త్రీ ఆ గొయ్యిని కూడా పూడ్చేసి పైన టైల్ పరుస్తానన్నాడు. వదిన కుర్చీ తెచ్చి మూత మీద వేసుకుని కూర్చుంది. మేస్త్రీ ఫోను చేస్తే డేవిడ్‌రాజ్ డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చాడు. నేను గోడ దగ్గరే ఉన్నాను, బట్టలు ఆరేయడానికే లెండి.

వాడు తల్లి ముందు కూర్చుని, ఇక్కడి పిల్లల హిందీ కలిసిన తెలుగులో మెల్లగా అన్నాడు. "మమ్మీ, పాపా యాదొస్తున్నారు నీకు, నాకు తెల్సు. పెద్ద ఫోటో కట్టించి హాల్లో పెడతాను. ఈ గడ్డా బంద్ చేసేద్దాం."

వదిన ముఖం ఎర్రబడింది. అంత కోపం ఆవిడలో నేనెన్నడూ చూడలేదు.

"ఏటనుకుంటన్నావురా నన్ను? మీ నాన్న సమాధుల తోటలో ఉన్నాడు, నాకు తెలీదేటి? ఇది ఇంటికి ఎర్తు. రేపు కూలరు బాడీకి కరెంటొచ్చి, ఏంజెలా తడిచేత్తో ముట్టుకుందనుకో. ఆ కరెంటు ఎటు పోవాల్రా? నీ కూతురి ఒంట్లోంచా?"

నాలుగేళ్ల ఏంజెలా అప్పటికే కూలరు పక్క తలుపు లాగి, లోపలి నీళ్లలో కాగితం పడవ తోస్తోంది. మోచేతుల దాకా తడి. డేవిడ్‌రాజ్ ఒక్క ఉదుటున లేచి పిల్లని ఎత్తుకున్నాడు. కాసేపటికి మేస్త్రీతో ఆ మూత చుట్టూ వదిలేసి టైల్స్ వెయ్యమన్నాడు. మా ఇంట్లోనూ ఇనుప కూలరే మరి. ఆ వారంలోనే మా ఆయన్ని పోరి పోరి మా వాకిట్లోనూ రాడ్డు పాతించాను. రోజూ నీళ్లు నేనే పోస్తున్నాను. ఇందులో ఏడుపూ లేదు, భక్తీ లేదు, కరెంటు సంగతి అంతే.

జూన్‌లో వానలు దిగాయి. నేల నానిపోయింది, నా బిందె అటకెక్కింది. ఒకరోజు పొద్దున్న కుండపోత. గోడ మీంచి చూస్తే వదిన గొడుగేసుకుని గొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. మూత తీసి ఉంది. చేతిలో బిందె లేదు.

నా నోరు ఊరుకుంటుందా? "ఇంత వానలో ఇప్పుడేటి పని వదినా? నీళ్లక్కర్లేదు కదా!" అని కేకేశాను.

వదిన తలెత్తి చూసింది. సిగ్గుపడినట్టు చిన్నగా నవ్వింది.

"నీళ్లు వానే పోస్తాది సత్యలక్ష్మీ. ఏంజెలా నిన్న బడికెళ్లింది. ఆ కబురు ఆయనకెవరు చెప్తారు?"