నీలం లైటు కింద చదివిన కవరు

ఏడేళ్ళుగా ఒక పని నా గుండెల మీద కుంపటిలా ఉంది. చెప్పుకోవడానికి మనిషి దొరక్క కాదు, నోరు రాక. మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు అక్కర్లేదు. పేర్లు మార్చి రాస్తున్నాను, జరిగింది మాత్రం ఒక్క ముక్క మార్చను. మారుస్తానేమోనని నాకే అనుమానం. ఇన్నేళ్ళు అబద్ధంతో కాపురం చేసినదాన్ని, ఒక్క పూటలో నిజాయితీపరురాలినైపోతానా? అందుకే మెల్లగా రాస్తున్నాను. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తే మీరే పట్టుకోండి.

నేను నర్సుని. విజయనగరం వైపు ఒక పెద్దాసుపత్రి. పుట్టగానే జబ్బుపడిన పిల్లల్ని ఉంచే వార్డు మాది. ఎక్కువమంది నెలలు నిండనివాళ్ళు. ఊపిరికి డొక్కలు ఎగరేస్తుంటారు. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మూలుగుతారు. ఆ మూలుగు వినగా వినగా చెవికి అలవాటైపోతుంది. అది ఉన్నట్టుండి ఆగితే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. ఆగడానికి రెండే కారణాలుంటాయి. బిడ్డ కోలుకుని ఉండాలి, లేదా మూలిగే ఓపిక కూడా లేకుండా అలిసిపోయి ఉండాలి. దగ్గరికి వెళ్ళి చూసేదాకా ఏదో తెలీదు.

అప్పట్లో మా పిల్లల డాక్టరుగారు ఒక పరిశోధన పెట్టారు. ఊపిరి అందని పిల్లల్లో కొందరికి మామూలుగా ముక్కులో సన్న గొట్టంతో ఆక్సిజన్ ఇచ్చేవాళ్ళం. కొందరికి కొత్త మిషన్. ముక్కుకి బిగించి గాలిని కాస్త ఒత్తిడితో పంపుతుంది, పక్కన నీళ్ళ సీసాలో బుడబుడమని బుడగలు వస్తాయి. ఏ బిడ్డకి ఏది అన్నది ఎవరూ ఎంచకూడదు. డాక్టరుగారు కూడా. ఒక పెట్టెలో నంబర్లు వేసిన కవర్లు అంటించి వరసగా పెట్టి ఉండేవి. తల్లో తండ్రో కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసిన వరసలో కవరు చించాలి. లోపల ఏది రాసి ఉంటే ఆ బిడ్డకి అదే. ఆ పెట్టె తాళం నా చేతిలో ఉండేది.

"ఏది మంచిదో మనకి తెలిసుంటే ఈ కవర్లెందుకు సిస్టర్? తెలీదు కాబట్టే చూస్తున్నాం" అనేవారు డాక్టరుగారు. పదిసార్లు చెప్పారు. పదిసార్లూ తలూపాను. మనసులో మాత్రం, ఆ, పెద్ద చెప్పొచ్చారు, అంత ఖరీదైన కొత్త మిషన్ మంచిది కాకపోతే ఎందుకు తెస్తారు, అనుకునేదాన్ని. నా సర్వీసులో ఏ మందైనా, ఏ సూదైనా, కొత్తది వచ్చిందంటే అందరూ దానికోసమే ఎగబడటం చూశాను. ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. ఇదిగో, నా పతనం ఇక్కడే మొదలైంది. జాలి దగ్గర కాదు, ప్రేమ దగ్గర కాదు. అహంకారం దగ్గర.

ఇంకొకటి. ఒకరోజు ఆ పెట్టెని కామెర్ల పిల్లలకి పెట్టే నీలం లైటు పక్కన పెట్టి ఏదో పనిలో పడ్డాను. పై కవరు ఆ వెలుతురుకి అడ్డంగా నిలబడింది. లోపల మడత మీద రాసినది మసకమసగ్గా కనిపించింది. కళ్ళు చిట్లించి చూస్తే చదవొచ్చు. వెంటనే డాక్టరుగారికి చెప్పాలి. చెప్పి ఉంటే ఆయన ఆ కవర్లన్నీ మార్పించేవారు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. ఎందుకు చెప్పలేదు? ఏదో చేద్దామన్న ఆలోచన అప్పటికి లేదు, ఒట్టు. ఎవరికీ తెలియనిది నాకొక్కదానికే తెలుసన్న చిన్న సరదా. అంతేనా? ఏమో. ఎప్పటికైనా పనికొస్తుందని ఏ మూలో అనుకున్నానేమో.

పనికొచ్చింది.

ఎండ మండిపోతున్న మధ్యాహ్నం అది. శృంగవరపుకోట అవతల కొండ కింది ఊరి నుంచి అంబులెన్సులో ఒక మగబిడ్డ వచ్చాడు. తల్లి పేరు పైడమ్మ అనుకోండి. మొగుడు పొలం పనివాడు, నోట్లో నాలుక లేని మనిషి. అన్నీ చదివి వినిపించాను. వేలిముద్ర వేశాడు. కాగితం మీద టైము ఇంకా వేయలేదు. కవరు తీయబోతుంటే తలుపు దగ్గర మా అప్ప గొంతు.

అప్ప అంటే నా సొంత అక్క. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది. దాని కూతురు నీలవేణికి తొలి కాన్పు. రాజాం దగ్గరి ఊరు. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చి మా ఆసుపత్రికే తెచ్చారు, బిడ్డని వెంటనే మా వార్డుకి పంపించారు. మగబిడ్డే. వాడూ మూలుగుతున్నాడు. అల్లుడు గబగబా సంతకం పెట్టేశాడు. అప్ప నన్ను గోడ వారకి లాక్కుపోయింది.

"ఒసే, ఆ కొత్త మిషనేదో ఉన్నాదంట కదే. మన గుంటడికి అదే పెట్టించీ. నువ్విక్కడ ఇన్నేళ్ళుగా ఉండి ఏటి లాభం, ఆమాత్రం సెయ్యకపోతే?"

సొంతమనిషి బిడ్డ వచ్చాడు, ఈ పని ఇంకొకరికి అప్పగించండి అని డాక్టరుగారికి చెప్పాల్సింది. చెప్పలేదు. పైడమ్మ మొగుడితో "కూర్చోండి, పిలుస్తాను" అన్నాను. వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. ఎందుకని అడగను కూడా అడగలేదు.

పైన ఉన్న రెండు కవర్లు తీసుకుని నీలం లైటు దగ్గరికి వెళ్ళాను. మొదటిది మిషన్. రెండోది మామూలు ఆక్సిజన్. మొదటిది పైడమ్మ బిడ్డది. నీలవేణి బిడ్డ కాగితం మీద పది నిమిషాలు ముందు టైము వేశాను. పైడమ్మ కాగితం మీద పది నిమిషాలు వెనక. అంతే. రెండు అంకెలు. నా చెయ్యి వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయమేసేది దానికే. బుడగల చప్పుడు మొదలయ్యాక అప్ప వైపు చూసి కళ్ళతోనే, అయిపోయింది, అన్నాను. అది చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఏం చెప్పను! అప్ప రుణం కాస్త తీర్చుకున్నాననుకున్నాను.

మూడో రోజు పగలు. బుడగలు వస్తూనే ఉన్నాయి. ఆ చప్పుడు మధ్యలో నీలవేణి బిడ్డ మూలుగు ఆగింది. కోలుకున్నాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకుని, చేతిలో ఉన్న పాల గిన్నె కింద పెట్టి, కాస్త నెమ్మదిగానే వెళ్ళాను. పాలిపోయి ఉన్నాడు. ఛాతీ ఒక పక్క కదులుతోంది, ఇంకో పక్క కదలడం లేదు. కేక పెట్టాను. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి సూది గుచ్చి లోపల చేరిన గాలి లాగారు. ఊపిరితిత్తి చిట్లింది. ఆయన చేయగలిగిందంతా చేశారు. దక్కలేదు.

ఒత్తిడితో గాలి పంపినప్పుడు అరుదుగా ఇలా జరుగుతుందట. ఏ మిషనూ లేని పిల్లల్లోనూ జరుగుతుందట. ఫలానా బిడ్డకి జరుగుతుందని ముందు చెప్పలేమట. ఆయన అప్పతో ఇది చెబుతుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఎదురు మంచంలో పైడమ్మ బిడ్డ ముక్కులో సన్న గొట్టంతో, పెదాలు చప్పరిస్తూ నిద్రపోతున్నాడు. రెండు వారాలు తిరక్కుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. గట్టిగా ఏడవడానికి కూడా లేదు. రెండో కవరు నీలవేణి బిడ్డకి వచ్చి ఉంటే బతికేవాడా? తెలీదు. అందులోనూ పోయేవాడేమో. ఆ మిషన్ పైడమ్మ బిడ్డకి పెట్టి ఉంటే వాడు పోయేవాడా? అదీ తెలీదు. అదే కదా ఆ పరిశోధన, తెలీదనే కదా కవర్లు పెట్టింది! నేను ముట్టుకోకుండా ఉంటే దాన్ని రాత అనుకుని ఏడ్చేదాన్ని. ముట్టుకున్నాక అది రాత కాదు, నా పని.

ఇప్పుడు మీకు చెప్పాల్సిన ఇంకో మాట ఉంది. దీన్ని చిన్న సంగతిలా దాటేద్దామనుకున్నాను. దాటెయ్యను. బిడ్డ పోయిన వారానికి అప్ప ఇంటికి వెళ్ళాను. నీలవేణి మంచం మీద గోడకి తిరిగి పడుకుంది. అందరూ బయటికి వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది. అప్పుడది బీఈడీ చదువుతోంది, ఎనిమిదో నెల కడుపుతోనే పరీక్షలకి రోజూ రాజాం ఆటోలో వెళ్ళొచ్చింది.

"సిన్నమ్మా, నువ్వు నర్సువి కదా, నిజం సెప్పు. ఆటోలో తిరిగినాను. ఆ కుదుపులకే ముందు పుట్టేసినాడా? అందుకే సచ్చిపోనాడా? నేనే సంపేసుకున్నానా?"

కాదే తల్లీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆటో కుదుపుకి నెలలు నిండకుండా పుట్టేస్తారనుకుంటే మన జిల్లాల రోడ్లకి ఒక్కరూ నెలలు నిండి పుట్టరు. నాకు తెలుసు. కానీ కాదంటే, మరి దేనివల్ల అని అడుగుతుంది. ఆ అడగడం నాకు భయం. నా నోటి నుంచి ఒక మాట వచ్చింది.

"ఆ నెల్లో అలగ తిరక్కుండా ఉండాల్సింది కదే."

అది నా చెయ్యి వదిలేసింది. మళ్ళీ గోడకి తిరిగింది.

ఆఖరి పరీక్ష రాయలేదు. ఆ చదువు అక్కడితో సరి. అత్తగారు పోపుల డబ్బా తీసినా, పేడకళ్ళు ఎత్తినా, బిడ్డని ఆటోలో మింగేసొచ్చిన మనిషి అని దెప్పేదట. మొగుడు మంచివాడే, అయినా నోరెత్తడు. నీలవేణి మళ్ళీ ఆటో ఎక్కలేదు. రెండు మైళ్ళైనా నడిచే వెళ్తుంది. అప్ప నాకు ఇవన్నీ ఫోన్లో చెబుతుంది, చెప్పి చివర్లో, నువ్వు మాత్రం నీ వంతు సేసినావే, అంటుంది. ఆ మాటకి నేను ఊఁ అంటాను.

పైడమ్మ ఏటేటా వస్తుంది. ముందేళ్ళలో చంకనేసుకుని, తర్వాత వేలు పట్టించి నడిపించుకుంటూ కొడుకుని తెస్తుంది. పనసపండు తెస్తుంది. "మొక్కరా, నీకు పేనం పోసిన తల్లి. సిస్టరమ్మ హస్తవాసి అలాంటిది" అంటుంది. వాడు వంగి నా కాళ్ళు ముట్టుకుంటాడు. వాడికి రావాల్సిన దాన్ని దొంగిలించినదాన్ని నేను. ఆ దొంగతనం వల్లే బతికాడేమో కూడా. ఏ మొహంతో దీవించను? మందుల గదిలో పనుందని వెళ్ళిపోతాను. ఒకసారి అక్కడే నిలబడి అరగంట గోడ చూస్తూ ఉండిపోయాను.

పరిశోధన ముగిసింది. నా రెండు అబద్ధపు అంకెలు కూడా ఆ లెక్కలో కలిసిపోయాయి. డాక్టరుగారు బదిలీ అయి వెళ్ళిపోతూ, మీలాంటి నమ్మకమైన మనిషి లేకపోతే జరిగేది కాదు సిస్టర్, అన్నారు.

ఏడేళ్ళకి నీలవేణికి మళ్ళీ కడుపు పండింది. ఏడో నెల. ఈసారీ ముందే రావచ్చన్నారట. పోయిన నెల నా దగ్గరికి వచ్చింది, చెప్పాపెట్టకుండా. బస్సు దిగి కాంప్లెక్స్ బస్టాండు నుంచి మా వీధి దాకా ఆ ఎండలో నడిచి వచ్చింది. పాదాలు బూరెల్లా పొంగి ఉన్నాయి. మంచినీళ్ళు తాగి, "ఈసారీ నీ సేతుల్లోనే సిన్నమ్మా. నువ్వుంటే నాకు భయం నేదు" అంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మమ్మ అనేది. పడితే పడనీ అనుకున్నాను. "ఆటో వల్ల కాదే" అన్నాను ముందు. తర్వాత అంతా చెప్పాను. నీలం లైటు, కవర్లు, టైములు, మిషన్. ఎంతసేపు చెప్పానో తెలీదు. ఒక్కసారీ అడ్డు రాలేదు. పైడమ్మ కొడుకు బతికి ఉన్నాడా అని మాత్రం అడిగింది. ఉన్నాడు, రెండో తరగతి, అన్నాను. తలూపింది. ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

ఖాళీ గ్లాసు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"మా అమ్మ అడిగినాది, నువ్వు సేసినావు. మంచిదనుకునే సేసినావు. గుంటడు ఎందుకు పోనాడో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అది సరే. మరి నన్నెందుకు ఏడేళ్ళు సంపినావు సిన్నమ్మా?"

ఏడేళ్ళూ కవరు గురించే కుమిలిపోయాను. వేలిముద్ర వేసినాయన మొహం గుర్తొచ్చి, ఆగిన మూలుగు గుర్తొచ్చి ఏడ్చాను. ఆ మంచం దగ్గర నేనన్న మాట గురించి ఒక్కనాడూ ఏడవలేదు. దాన్ని తప్పుల్లో లెక్కేసుకోనే లేదు. మీతోనూ చిన్న సంగతిలా దాటేద్దామనుకున్నానని పైన రాశాను చూడండి, నిజంగానే అనుకున్నాను.

నీలవేణి సంచి తీసుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దాకా వెళ్ళాను, అది వెనక్కి తిరగలేదు. కాన్పు శ్రీకాకుళంలో పెట్టుకున్నారట. నేను రానక్కర్లేదని అప్ప చేత చెప్పించింది. ఎందుకని అప్ప నన్ను అడగలేదు. దాన్ని బట్టి, దానికీ తెలిసిందనుకుంటున్నాను. జరిగిందంతా చెబుతూ డాక్టరుగారికి ఒక ఉత్తరం రాశాను, ఉద్యోగం పోతే పోయిందని. ఇంకా పోస్టు చేయలేదు. పైడమ్మకి ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తెలియడం లేదు.

ఒక్క సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. నీలవేణి వెళ్ళిన రోజు నుంచి నాకు నిద్ర పడుతోంది. ఏడేళ్ళలో ఎరగనంత నిద్ర. దాని బతుకు అలా చేసి నేనిలా పడుకోవడం అన్యాయమని తెలుసు. సిగ్గుగానే ఉంది. అయినా పడుతోంది.