తొట్టెలతో ఆదిలాబాద్‌కు

సామాను సర్దడంలో నన్ను మించినవాడు కరీంనగర్‌లో లేడని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం. హైదరాబాద్‌లో బి.ఏ. చదివి వచ్చానాయె, బస్సెక్కడంలో కూడా ఆ చదువు కనబడాలని తాపత్రయం. అందుకే ఆదిలాబాద్‌లో కాన్పయిన అక్కకు పుట్టింటి సామాను చేర్చే పని నేనే మీదేసుకున్నాను. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, నెయ్యి డబ్బా, అన్నిటికీ మించి కొత్త టేకు తొట్టెల.

మా దిక్కు ఉయ్యాలను తొట్టెల అంటారు, అది పుట్టింటి నుంచే పోవాలి. అక్క మొదటి బిడ్డ మూడు నెలలకే పోయాడు. ఈసారి పుట్టినవాణ్ణి ఆమె ఒడి దింపడం లేదని, రాత్రుళ్లు కూర్చునే ఉంటోందని బావ కబురు పంపాడు. అవ్వ తొట్టెల పంపిస్తే అందులోనే పండబెడతానన్నదట. మేము అమ్మను అవ్వ అనేవాళ్లం.

బయలుదేరేటప్పుడు అవ్వ ఒకటే చెప్పింది. "ఖాళీ తొట్టెల ఊగద్దు బిడ్డా, పిల్లగానికి కీడు. జర పైలం."

"గివన్నీ ఉత్త ముచ్చట్లవ్వా," అన్నాను. అంతటితో ఊరుకోక లోలకం గురించి పాఠం కూడా చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నది.

బస్సు టాపు మీద తొట్టెలకు చోటు లేదన్నాడు కండక్టర్. లోపల కింద పెడదామంటే కాళ్లకే జాగా లేదు. నా తెలివి అప్పుడు బయటికొచ్చింది. తొట్టెలను తాళ్లతో పైనున్న కడ్డీకి వేలాడదీసి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూశాను.

బస్సు కదిలింది. తొట్టెల హాయిగా ఊగసాగింది. బస్సులో ఒక్కొక్కరే మాటలు ఆపేశారు. ముందు సీట్లోని ముసలామె వెనక్కి తిరిగింది.

"ఎవలదయ్యా గా తొట్టెల? ఖాళీది ఊపుతున్నవేంది?"

"నేను ఊపుతలేనవ్వా, బస్సు ఊపుతున్నది."

"బస్సుకేం పోతది? ఏ పిల్లగానికది?"

"మా అక్క కొడుక్కు."

"మొదటోడా?"

"రెండోడు. మొదటోడు దక్కలే."

కండక్టర్ సీటీ ఊది బస్సు ఆపించాడు. ఒకాయన తన తలరుమాలు విప్పి తొట్టెలలో వేశాడు. బట్టతో కాదు, బరువుండాలని ఇంకొకాయన వంకాయల సంచి పెట్టాడు. బి.ఏ. చదివిన నన్ను ఒక్కరూ సలహా అడగలేదు. చివరికి, ఏడుస్తున్న చంటిపిల్లతో కిటికీ దగ్గర కూర్చున్న ఒకామె లేచింది.

"వంకాయలు తియ్యుండ్రి. నా బిడ్డను పండవెడత."

పిల్ల నిర్మల్ దాకా లేవలేదు. మలుపు మలుపుకూ తొట్టెల నా చెవికి తగులుతూనే ఉంది.

నిర్మల్‌లో వాళ్లు దిగిపోయారు. నేను ఆదిలాబాద్ బస్సెక్కాను. ఇందులో నన్నూ తొట్టెలనూ అడిగేవాళ్లెవరూ లేరు. అయినా దాన్ని ఒళ్లో పెట్టుకుని, నాకున్న ఒక్క కోటూ మడిచి అందులో వేసి, రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు నెయ్యి డబ్బా బోర్లపడి, నెయ్యి నా చెప్పుల కిందికి పారింది. చూస్తూ కూర్చున్నాను గానీ చేయి తీయలేదు. లోలకం పాఠం ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు.

కొడుకును భుజానేసుకుని అక్క గుమ్మంలోకి వచ్చింది. కండ్లు గుంటలు పడ్డాయి. నా వైపు చూడనే లేదు, తొట్టెల వైపే చూసింది.

"ఖాళీగ ఊగిందా తమ్మీ?"

"కొద్దిసేపు ఊగిందక్కా. తర్వాత బస్సుల ఎవలదో చంటిపిల్లను పండవెట్టిండ్రు."

ఏడుస్తుందని భయపడ్డాను. తొట్టెల అంచు తడిమి చూసింది.

"ఆ పిల్ల మంచిగ పండిందా?"

"నిర్మల్ దాంక లేవలే."

భుజం మీద నుంచి వాణ్ణి తీసి నా చేతుల్లో పెట్టింది. "అయితే నువ్వే పండవెట్టు."

ఎటు పట్టుకోవాలో తెలియక చంకలోకి ఎత్తుకోబోయాను.

"మెల్లగరా, సామాను కాదు," అన్నది అక్క.

తొట్టెలలో వేయగానే వాడు ఒకసారి మూలిగి నిద్రపోయాడు. నేను కాళ్లు కడుక్కొచ్చేసరికి అక్క కూడా ఆ పక్కనే వట్టి నేల మీద పడి నిద్రపోతోంది.