జాకరమ్మ రాతికి తోబుట్టువు

వంటింట్లో వలిసె నూనె కాగిన వాసన వస్తే చాలు, అరకు లోయంతా వలిసె చేల పసుపు పూలు పరుచుకునే చలి మొదటి రోజులు, మంచు విడవని పొద్దుల్లో పొయ్యి చుట్టూ చేరి ఊదుకుంటూ తాగిన రాగి అంబలి, మామ్మ నిప్పుల్లో కాల్చిపెట్టే దుంపలు, చేలగట్ల మీద మా పరుగులు, అన్నీ ఒక్కసారే కమ్ముకొస్తాయి.

పంతొమ్మిదివందల ఇరవైలవి. మా కొండలకింకా రైలు రాలేదు. నేను తొమ్మిదేళ్ల ఆడపిల్లని. మైదానంలో ఏదో కాలేజీలో రాళ్ల చదువు చెప్పే మేష్టారొకాయన సామాన్ల ఎడ్లతో మా పల్లెకొచ్చి, తెలియక మేం అమ్మవారిగా కొలిచే జాకరమ్మ రాతి మీదే సుత్తి వేశారు. ముక్క ఊడింది. ఊరు కర్రలతో చేరింది. అమ్మవారికి పూజ చేసేది మా మామ్మే కనుక అందరూ ఆమె వంక చూశారు.

“ఏటి బాబూ, మా అమ్మోరినెందుకు కొట్టినావు?”

“తెలియలేదమ్మా, తప్పయింది. సముద్రం అవతలి దీవిలో ఇలాంటి రాయే ఉందట. రెండు నేలలూ ఒకప్పుడు ఒకటే అయితే, పొరల వరస ఇక్కడా అక్కడా కలవాలి. అది నిజమో కాదో చూద్దామని వచ్చాను.”

మామ్మ ఊడిన ముక్కను చేతిలోకి తీసుకుంది. “అయితే మా అమ్మోరికి అప్పసెల్లెలు అక్కడున్నాదన్నమాట. దాన్నెతుక్కొచ్చినోడిని కొడతారేట్రా?” అంది.

కర్రలు దిగాయి. ఊడిన ముక్కను పసుపునీళ్లతో కడిగి అమ్మవారి పాదాల దగ్గరే పెట్టింది. తర్వాత మేష్టార్ని ఊరి పక్క కొండవాగు గెడ్డలోకి దింపి, వరదకు కొత్తగా విరిగిన అదే రాతి బండను చూపించింది. దానిలో దానిమ్మ గింజల్లా ఎర్ర పలుకులు. “బేగి పట్టుకోయే గుంటా” అని తొందరచేస్తూ ఆయన కొలతతాడు కొస నా చేతికిచ్చింది. మేష్టారు దిక్సూచి ముల్లు చూసి, పొరలు ఈశాన్యం నుంచి నైరుతికి సాగాయని రాసుకున్నారు. ఆ ముల్లు నన్నూ చూడనిచ్చారు. నా చదువు అక్కడే మొదలైంది.

రెండేళ్లకు సంతలో ఆయన ఉత్తరం అందింది. రాళ్లు పోలుతున్నాయి, వరస కలిసిందని మాత్రం ఇంకా చెప్పలేను, రెండు నేలలూ ఒకటంటే మా చదువులో పెద్దలు నవ్వుతున్నారు, నేను మానను అని రాశారు. నేను చదివి వినిపిస్తే మామ్మ, “నవ్వనీ. నేల తొందరపడదు కదా” అంది.

ఆ గెడ్డ బండలు రోడ్డు కింద కంకరైపోయాయి. సామాన్ల ఎడ్లు నడిచిన దారి అడవిలో కలిసింది. మేష్టారి పేరు ఎక్కడా కనబడదు. కానీ మొన్న నా మనవరాలు తన పాఠం పైకి చదివింది. ఖండాలన్నీ ఒకప్పుడు ఒకే నేలట, మన తూర్పు కొండలకు దక్షిణాన మంచు ఖండంలోనూ జోడీ ఉందట. దాని తరగతిలో ఎవరూ నవ్వలేదట.