మిరియాలు లేని పక్కటెముకల సూపు

ఈ రోజు నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు, కోపానికీ లేవు. మా అమ్మాయికి రాఫెల్స్ ప్లేస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది! ఆ ఆనందంలో దాన్ని సెంబవాంగ్‌లో నా చిన్ననాటి పంది పక్కటెముకల సూపు కొట్టుకు తీసుకెళ్లాను. షిప్‌యార్డులో పనిచేసిన మా నాన్న ఆదివారాల్లో నన్ను అక్కడికే తీసుకెళ్లేవాడు. మొదటి గుక్కకే ముక్కు కారిపోయేది. ఆ ఘాటు నా బిడ్డకీ చూపించాలని నా ఆశ.

తీరా తాగితే వేడినీళ్లు! మిరియాల జాడే లేదు. వడ్డించే చైనీస్ అమ్మాయిని నిలదీశాను.

"ఇప్పుడొచ్చే ఆఫీసు వాళ్లకి ఘాటు వద్దు అంకుల్. కావాలంటే చల్లుకోండి లా," అని, ఇక్కడందరూ మాట చివర తగిలించే ఆ 'లా' తగిలించి, మిరియాల పొడి డబ్బా నా ముందు పెట్టింది.

"చల్లుకోవడానికి ఇదేమన్నా ఆమ్లెట్టా తల్లీ? మిరియాలు దంచి ఎముకలతో పాటు గంటలకొద్దీ ఉడికించాలి!" అని అరిచాను.

చుట్టూ ఉన్నవాళ్లందరూ మా వైపే చూశారు. మా అమ్మాయి నా చెయ్యి గిల్లి, "చాలు లా నాన్నా! నాకిదే నచ్చింది, సో నైస్," అంది. పైగా రెండోసారి పోయించుకుంది! కొట్టు మీద కంటే దాని మీదే ఎక్కువ ఒళ్లు మండింది నాకు. మా నాన్న నాకు చూపించిన రుచి దానికి చూపించలేకపోయాను.

మిరియాలు ఉడికించే కొట్టు ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి. ఊరికి అవతలి కొసనున్న బూన్ లే దాకా రైలెక్కమన్నా ఎక్కుతాను. మా అమ్మాయికి మాత్రం చెప్పకండి, షాపింగని తీసుకెళ్తాను.